కలశములోని సాగరము: సముద్రశబ్దార్థ విచారము

కలశపూజ లేని దేవతార్చన తెలుగునాట అరుదు. చిన్న రాగిచెంబు, అందులో శుద్ధోదకము, గంధాక్షతలు, ఒక పుష్పము. అర్చకుడు కుడిచేతితో కలశమును మూసి మంత్రము పఠించును. ముఖమున విష్ణువును, కంఠమున రుద్రుని, మూలమున బ్రహ్మను, మధ్యమున మాతృగణములను భావించి, కుక్షియందు సకలసాగరములను, సప్తద్వీపములతో కూడిన వసుంధరను నిలుపును. ఆ వెనుక ఆ నీటినే పూజాద్రవ్యములపై ప్రోక్షించును.

ఇచట బుద్ధిమంతులైన పిల్లలు అడుగు ప్రశ్న ఒకటి కలదు. శేరు నీరు పట్టని చెంబులో సముద్రములన్నియు ఎట్లు ఇమిడినవి? పెద్దలు సాధారణముగా "అది భావన" అని సమాధానము చెప్పుదురు. ఆ సమాధానము తప్పు కాదు. కాని దానితో ప్రశ్న ముగిసిపోయినదనుకొనుట తొందరపాటు. సముద్రమనగా తీరము కానరాని ఉప్పునీటి రాశి అని మాత్రమే తలచినప్పుడు ఆ మంత్రము అతిశయోక్తిగా తోచును. ఆ శబ్దమునకు మన పూర్వులు ఇచ్చిన అర్థములను వరుసగా పరిశీలించినచో అతిశయోక్తి అను మాట క్రమముగా పలుచబడిపోవును.

మొదట అమరకోశము. పాఠశాలలో బాలురు కంఠస్థము చేయు వారివర్గమున అమరసింహుడు సముద్రమునకు పదునైదు పేర్లు చెప్పెను. సముద్రము, అబ్ధి, అకూపారము, పారావారము, సరిత్పతి, ఉదన్వంతము, ఉదధి, సింధువు, సరస్వంతము, సాగరము, అర్ణవము, రత్నాకరము, జలనిధి, యాదఃపతి, అపాంపతి. ఇవి నీటిని ధరించునదనియు, నదులకు భర్త అనియు, జలచరములకు ప్రభువనియు, రత్నములకు గని అనియు చెప్పుచున్నవి. వీటిలో ఒక్కటియు ఉప్పును గూర్చి పలుకదు. ఉప్పు మాట ఆ తరువాత వచ్చును. సముద్రమునకు క్షీరోదము, లవణోదము మున్నగునవి ప్రభేదములని అమరుడు వేరుగా పేర్కొనెను. అనగా లవణసముద్రము సముద్రజాతిలో ఒక భేదము మాత్రమే. పురాణములలోని సప్తసముద్రములు, అనగా లవణ, ఇక్షు, సురా, సర్పి, దధి, క్షీర, శుద్ధోదకములు, ఈ దృష్టితోనే లెక్కింపబడినవి. పాలసముద్రము ఏ దేశపు ఒడ్డున ఉన్నదని పటములలో వెదకువారును, అది దొరకలేదు గనుక పురాణము కట్టుకథ అనువారును ఒకే పొరపాటు చేయుచున్నారు. ఇరువురును సముద్రమనగా ఉప్పునీరనియే నమ్ముదురు.

అమరుని కంటె చాల పూర్వుడైన యాస్కమహర్షి నిరుక్తము రెండవ అధ్యాయమున ఈ శబ్దమునకు ఒకటి కాదు, ఐదు వ్యుత్పత్తులు చూపెను. దేనినుండి జలములు కలసి పైకి ఉద్గమించునో అది సముద్రము. దేనివైపు జలములు కలసి పరుగెత్తునో అది సముద్రము. దేనియందు ప్రాణులు సంతోషించునో అది. ఉదకము ఒక్కచోట కూడియున్నది. బాగుగా తడుపునది. ఈ ఐదింటిలోను పరిమాణము చెప్పబడలేదు, రుచి చెప్పబడలేదు. నీరు కూడుట, నీరు కదలుట, తడుపుట, ప్రాణులకు ఆనందము కలుగుట, ఇవియే లక్షణములు. మొదటి రెండు వ్యుత్పత్తులు పరస్పరవిరుద్ధములుగా కానవచ్చును. ఒకదానిలో నీరు అచటినుండి బయలుదేరును, మరియొకదానిలో అచటికి చేరును. యాస్కుడు ఆ రెంటిని ప్రక్కప్రక్కన ఉంచుటకు కారణము ఉన్నది.

నిఘంటువున అంతరిక్షమునకు పదునాఱు నామములు చెప్పబడినవి. అంబరము, వియత్తు, వ్యోమము, ఆకాశము మొదలగువాని నడుమ సముద్రశబ్దమును కలదు. దాని ప్రక్కనే సగరశబ్దము, దానికి ముందు పుష్కరశబ్దము ఉన్నవి. పుష్కరమనగా నేటివారికి పన్నెండేండ్లకొకసారి వచ్చు నదీపర్వము గుర్తునకు వచ్చును. పుష్కరిణి అనగా ఆలయపు కోనేరు. ఈ రెండును నీటికి సంబంధించినవే, కాని ఆ నిఘంటువున పుష్కరము ఆకాశమునకు పేరు! నీటికిని, నీటిని మోయు ఆకాశమునకును ఒకే శబ్దము చెల్లుట వేదభాషలో వింత కాదు.

ఆకాశమునకు సముద్రమను పేరు ఎట్లు వచ్చినదో తెలిపెడు కథను యాస్కుడే చెప్పెను. ఋష్టిషేణుని కుమారులు దేవాపి, శంతనువు. జ్యేష్ఠుడైన దేవాపి తపస్సునకు వెడలగా కనిష్ఠుడైన శంతనువు రాజ్యాభిషిక్తుడయ్యెను. ఆ తరువాత పండ్రెండేండ్లు వాన లేదు. అన్నను అతిక్రమించి పట్టము కట్టుకొనుట అధర్మమనియు, వర్షము రాకపోవుటకు అదియే కారణమనియు బ్రాహ్మణులు పలికిరి. శంతనువు రాజ్యము అన్నకు అర్పింపబోయెను. దేవాపి దానిని స్వీకరింపలేదు. తమ్మునికి పురోహితుడై వర్షార్థము యజ్ఞము చేయించెదనని ముందునకు వచ్చెను. ఆతడు దర్శించిన సూక్తము ఋగ్వేదము దశమమండలమున 98వది. పై సముద్రమునుండి క్రింది సముద్రమునకు దివ్యమైన వర్షజలములు విడువబడిన విషయము అందు వర్ణింపబడినది. పై సముద్రము అంతరిక్షము, క్రిందిది పార్థివము. రెండు సముద్రముల నడుమ వాన రాకపోకలు చేయుచుండును. యాస్కుని మొదటి రెండు వ్యుత్పత్తులు ఇప్పుడు విరుద్ధములు కావు. నీరు పైకి లేచుటయు, క్రిందికి చేరుటయు ఒకే చక్రములోని రెండు అర్ధములు.

ఈ కథలో గమనింపవలసిన విషయము మరియొకటి ఉన్నది. పండ్రెండేండ్ల కరవులో ఉప్పుసముద్రము ఎండలేదు. అది ఎప్పటివలెనే నిండియున్నది. ఐనను ప్రజలు దప్పితో అలమటించిరి. దేవాపి ప్రార్థించిన క్రింది సముద్రము ఉప్పునీటి రాశి అయినచో ఆతని ప్రార్థనకు ప్రయోజనమే లేదు.

వేదకాలపు ఆర్యులకు సముద్రము తెలియునా తెలియదా అని పందొమ్మిదవ శతాబ్దమున పాశ్చాత్య పండితులలో గొప్ప వివాదము నడచినది. వివియన్ ద సాఁ మార్తాఁ తెలియదనెను. మాక్స్ ముల్లరు, లాసెన్ తెలియుననిరి. జిమ్మరు అనునతడు, పంజాబు నదులన్నియు కలిసిన పిమ్మట సింధునదికి కలుగు వైశాల్యమే చాలచోట్ల సముద్రమనబడెనని ఊహించెను. మక్డానెల్, కీత్ అనువారు 1912లో ప్రకటించిన వైదిక పదసూచికలో ఈ వాదములన్నియు సంగ్రహింపబడినవి. వారును చివరకు తెలియుననియే నిర్ణయించిరి. దానికి ఆధారములు బలమైనవే. వసిష్ఠమండలమున సరస్వతీనది పర్వతములనుండి సముద్రము వరకు పోవుచున్నదని ఉన్నది. తుగ్రుని కుమారుడైన భుజ్యువు పట్టుకొన ఆధారము లేని, నిలువ నేల లేని సముద్రమున చిక్కుకొనగా, అశ్వినులు అతనిని నూరు తెడ్ల నావపై తీరము చేర్చిరని కక్షీవంతుడు కీర్తించెను. మూడు రాత్రులు, మూడు పగళ్ళు సాగిన ప్రయాణమది. చెరువులో అట్టి ప్రయాణము ఉండదు.

అయినను ఈ వివాదమువలన మన పక్షమున ఒక నష్టము జరిగినది. పరులు లేదనిరి గనుక మనవారు కొందరు వేదమున సముద్రశబ్దము కనిపించిన ప్రతిచోట ఓడలను, నౌకావ్యాపారమును చూపింప మొదలిడిరి. ఇది స్వపక్షరక్షణ అనిపించుకొనవచ్చును, కాని అర్థనిర్ణయము కాదు. సాయణాచార్యులు అట్లు చేయలేదు. ఒకే శబ్దమునకు సందర్భమును బట్టి ఒకచోట జలధి అనియు, ఒకచోట అంతరిక్షమనియు ఆయన భాష్యము వ్రాసెను. పవమానసోముని స్తుతించు నవమమండలమున 114 సూక్తములు కలవు. అందు సోమబిందువులు సముద్రమును చేరుచున్నవని పలుమార్లు వచ్చును. అచట ఆ శబ్దమును ద్రోణకలశమునకు అన్వయించు సంప్రదాయము కలదు. ద్రోణకలశము సోమరసము చేరు దారుపాత్ర. ఒక కొయ్యపాత్రకు సముద్రమను పేరు!

కలశములో సాగరమును ఆవాహన చేయు అర్చకునికి ఇంతకంటె దగ్గర చుట్టము మరియొకరు లేరు.

అంతరార్థమును వెదకు సాధకులకు వామదేవుని సూక్తమొకటి విశేషమైనది. చతుర్థమండలపు చివరిదైన 58వ సూక్తమున మధుమంతమైన తరంగము సముద్రమునుండి పైకి లేచినదని ఆరంభమగును. కొంత దూరము సాగిన వెనుక ఆ ఘృతధారలు హృదయమనెడి సముద్రమునుండి ప్రవహించుచున్నవని ఋషియే స్పష్టము చేసెను. ఇది వ్యాఖ్యాతల కల్పన కాదు, మంత్రములోనే హృదయమునకు సముద్రమను పేరు ఉన్నది. స్నానకాలమున పఠించు అఘమర్షణసూక్తమున సముద్రము పుట్టిన తరువాతనే సంవత్సరము పుట్టినది. కాలమునకు ముందున్న ఆ సముద్రము ఏ దేశపు తీరమున ఉండగలదు? తెలుగున సముద్రమునకు మున్నీరు అను పేరు కలదు. దానిని మూడు నీళ్ళు అని కొందరు, మునుపటి నీరు అని కొందరు వివరింతురు. రెండవ అర్థము అఘమర్షణ ఋషికి సమ్మతమయ్యెడిది.

ఇక సాగరశబ్దము. ఇది సగరపుత్రుల కథ వలన లోకప్రసిద్ధము. సవతి పెట్టిన విషముతో కూడ, అనగా స-గరుడై, పుట్టినవాడు సగరుడు. ఆతని అశ్వమేధపు గుఱ్ఱము అపహరింపబడగా అఱువదివేల కుమారులు భూమిని త్రవ్వుచు పాతాళము చేరి కపిలుని కోపాగ్నికి భస్మమైరి. తరములు గడచిన పిదప భగీరథుడు ఆకాశగంగను తెచ్చి ఆ గోతిని నింపెను. ఈ కథను పితృతర్పణ మహిమగా వినుట పరిపాటి. శబ్దార్థదృష్టితో వినువారికి ఇందు మరియొక విషయము తోచును. మనుష్యులు త్రవ్విన గోయి, ఆకాశమునుండి దిగిన నీరు: సాగరమనగా ఈ రెంటి కలయిక. ఋగ్వేదముననే ఇంద్రస్తుతిలో సగరపు అడుగునుండి జలములు ప్రేరేపింపబడుట వర్ణితమైనది. అచట సగరము అంతరిక్షమే. పురాణకథ వేదశబ్దమును ప్రక్కకు నెట్టలేదు. ఆకాశమున ఉన్నదానిని భూమిపైకి దింపి చూపినది. మన తీరప్రాంతపు పల్లెకారులు సముద్రమును గంగమ్మ అని పిలుచుకొనుటలో ఈ కథ ఇప్పటికిని జీవించియున్నది.

యుద్ధకాండమున విభీషణుడు శ్రీరామునకు చెప్పిన హితవు ఈ సందర్భమున స్మరణీయము. లంకకు దారి ఎట్లు అను ప్రశ్న వచ్చినప్పుడు ఆతడు సముద్రుని శరణు వేడుమనెను. ఈ మహోదధి సగరునిచే త్రవ్వింపబడినది, కావున సగరవంశజుడైన రామునికి జ్ఞాతికార్యము చేయవలసినవాడే అని ఆతని యుక్తి. త్రవ్వించినవాని వంశమునకు చెరువు ఋణపడియుండును. ఇది గ్రామములలో నేటికిని పెద్దలు పలుకు న్యాయమే.

భగవద్గీత విభూతియోగమున సరస్సులలో నేను సాగరమునని భగవానుడు పలికెను. ఈ మాట ఎన్నిమార్లు పారాయణ చేసినను చాలమంది దృష్టిని తప్పించుకొనిపోవును. నదులలోనో, మహాభూతములలోనో సాగరమును చేర్చలేదు. సరస్సుల పంక్తిలో కూర్చుండబెట్టెను. శంకరభగవత్పాదులు ఇచట దేవఖాతములైన సరస్సులు అని వివరించిరి. దేవఖాతమనగా దేవతలు త్రవ్వినది, మనుష్యుని పలుగు తగులనిది. అట్లయినచో మనుష్యుడు త్రవ్వినదియు ఉన్నదన్నమాట. ఆ రెండవదానికి వేదమున ఆధారము వసిష్ఠుని జలసూక్తము. సప్తమమండలపు 49వ సూక్తమున జలములు నాలుగు తెఱగులుగా పేర్కొనబడినవి: దివ్యములు, ప్రవహించునవి, త్రవ్వగా వచ్చినవి, స్వయముగా పుట్టినవి. వీని గమ్యము సముద్రమేనని ఋషి పలుకును. త్రవ్విన నీటిని తక్కువచేయక తక్కిన జలములతో సమముగా దేవతాస్వరూపముగా స్తుతించెను.

ఇంతవరకు శాస్త్రవాక్యములు. వీటిని తెలుగునేల రాజులు, మంత్రులు, రాణులు పలుగుపారలతో వ్యాఖ్యానించిరి. అనంతపురము ప్రక్కన బుక్కరాయసముద్రము కలదు. వర్షాభావమునకు పేరుపడిన సీమలో, తీరమునకు అంత దూరమున ఈ పేరేమని క్రొత్తగా వినినవారు నవ్వుదురు. దానికి తోడు అనంతసాగరమను పేరును అచటనే ఉన్నది. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున కట్టించిన తటాకమునకు ధర్మకీర్తిసముద్రమని పేరు. అచటి శాసనము కాకతీయుల వంశవృత్తాంతమునకు ముఖ్యాధారము కూడ. నల్లగొండ సమీపమున పానగల్లులో కందూరు చోడుల నాటి ఉదయసముద్రము, దానికి అల్లంత దూరమున ఛాయాసోమేశ్వరాలయము ఉన్నవి. సప్తసంతానములలో తటాకము ఒకటి. పుత్రుడు, దేవాలయము, కావ్యము మొదలగువానితో సమముగా తటాకము కర్తకు ఉత్తమలోకము నిచ్చునని విశ్వాసము. ఈ పేర్లు ప్రభువుల డంబమునకు నిదర్శనములని వ్రాసిన చరిత్రకారులు కొందరు కలరు. డంబము కొంత ఉండవచ్చును, రాజులు కదా. కాని ఆ పేర్లు పెట్టిన పండితులు నిరుక్తము చదివినవారను మాట మరువరాదు.

దీనికి మిక్కిలి విపులమైన సాక్ష్యము కడప మండలములోని పోరుమామిళ్ళ శాసనము. శకవర్షము 1291, అనగా క్రీ. శ. 1369. బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి పాలకుడు అయిన భాస్కరుడు (ఆతనికి భవదూరుడను నామాంతరము కలదు) అచట తటాకము కట్టించి అనంతరాజసాగరమని పేరిడెను. భైరవాలయమువద్ద నిలిపిన ఆ సంస్కృతశాసనము జలదానమహిమను కీర్తించి, అంతటితో ఆగక, మంచి తటాకమునకు పండ్రెండు అంగములను చెప్పును. ధర్మవంతుడు, ధనవంతుడు అయిన రాజు కావలెను. జలశాస్త్రము నెఱిగిన బ్రాహ్మణుడు కావలెను. గట్టి మట్టితో కూడిన భూమి, మూడు యోజనముల నుండి తీయని నీటిని తెచ్చు నది, కొండల నడుమ మిక్కిలి పొడవు కాని దృఢమైన రాతికట్ట, లోతును వైశాల్యమును గల గర్భము, నిడుపాటి తిన్నని రాళ్ళు దొరకు గని, చేరువలో సమతలమైన పొలములు, పనితనము తెలిసిన కూలీలు, ఇట్లు ఆ వరుస సాగును. పిదప ఆఱు దోషములు: కట్టనుండి నీరు ఊరుట, ఉప్పునేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, నడుమ మెట్ట యుండుట, నీరు తక్కువై పారవలసిన నేల ఎక్కువగుట, నీరు ఎక్కువై నేల తక్కువగుట. కట్ట పొడవు 5000 రేఖాదండములు, వెడల్పు 8, ఎత్తు 7. రెండేండ్లపాటు 1000 మంది కూలీలు, 100 బండ్లు పనిచేసినట్లు ఆ శాసనమే తెలుపును.

ఆ ఆఱు దోషములలో రెండవదాని యొద్ద కొంత నిలువవలెను. సాగరమని పేరు పొందబోవు జలాశయమునకు ఉప్పు దోషము! పేరిడినవారికి ఆ శబ్దములో ఉప్పు స్ఫురించియుండినచో ఈ రెండు మాటలు ఒకే శాసనమున ఇమిడెడివి కావు.

మరియొక విషయము. ఋగ్వేదభాష్యమును వ్రాయ బూనిన సాయణాచార్యులు పూర్వము ఉదయగిరి సీమలో కంపరాయలకు, సంగమరాయలకు మంత్రిగా ఉండిన వారే. వేదార్థప్రకాశనమునకు ఆజ్ఞాపించిన ప్రభువు బుక్కరాయలు. సముద్రమనగా అంతరిక్షమనియు భాష్యమున వ్రాయించిన రాజునకు, పోరుమామిళ్ళలో సాగరము త్రవ్వించిన భాస్కరుడు కుమారుడు. రెండు కార్యములును ఒకే వంశమున, రమారమి ఒకే కాలమున జరిగినవి. తాళపత్రమునకును, చెరువుకట్టకును నడుమ దూరము నేడు మనము తలచునంత ఉండెడిది కాదు.

సముద్రనామములున్న ఊళ్ళలో చెరువులు కొన్ని పూడి పొలములైనవి, కొన్ని ఇండ్లస్థలములైనవి. అచట పేరు మిగిలినది, నీరు పోయినది. పోరుమామిళ్ళ చెరువు ఇప్పటికిని ఉన్నది. పానగల్లు ఉదయసముద్రమునకు మరియొక దశ పట్టినది. 1955 డిసెంబరు 10న పునాదిరాయి వేయబడిన నాగార్జునసాగరపు జలాశయమునుండి కృష్ణాజలము యంత్రములతో పైకి తోడబడి, కాలువలవెంట ప్రయాణము చేసి, ఆ పాత చోడుల చెరువును చేరుచున్నది. సాగరమునుండి లేచిన నీరు సముద్రమున కూడుచున్నది. దాని ప్రక్క ఛాయాసోమేశ్వరస్వామికి అర్చకుడు ఉదయమున కలశమును నింపి, చేతితో మూసి, దాని కుక్షిలో సాగరములను ఆవాహన చేయును.